మంచివైపు లోపలికి మడిచిన కాగితం

కాగితం మిల్లు వాళ్ళు లోడు వెనక్కి పంపిన రోజు ఉదయం, బెల్టు మీద ఒక గ్రీటింగు కార్డు పాడుకుంటూ వెళ్తోంది. కార్డు ఎక్కడుందో కనిపించడం లేదు. అట్టపెట్టెల కిందనుంచి, రిబ్బన్ల మధ్యనుంచి పాట మాత్రం వినిపిస్తోంది. అలాంటి కార్డులో బ్యాటరీ ఉంటుంది. దాన్ని తీయకుండా వదిలేస్తే కాగితాన్ని అదిమి పెద్ద బేళ్ళు కట్టే యంత్రంలో నలిగి నిప్పు పుట్టవచ్చు. అందుకని లైనులో నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళూ చేతులతో చెత్తను కదుపుతూ చెవులప్పగించి విన్నారు.

చివరికి లైనులో అందరికంటే పెద్దదైన పెద్దక్కకు దొరికింది. "పట్టుకున్నానమ్మా గాయకురాల్ని," అంటూ కార్డు చింపి, బ్యాటరీని పక్కనున్న డబ్బాలో వేసింది.

అది ఇళ్ళనుంచి వచ్చే పొడిచెత్తను విడదీసే కేంద్రం. క్రిస్మస్ ముందునుంచి కొత్త సంవత్సరం దాటేదాకా అక్కడికి వచ్చే చెత్త రోజూ వచ్చేదిలా ఉండదు. సీరియల్ లైట్ల తీగలు వచ్చి జల్లెడ రోలర్లకు చుట్టుకుంటాయి. యంత్రం ఆపి, లోపలికి దిగి, కత్తితో కోసి తీయాలి. ప్లాస్టిక్ చెట్టు కొమ్మలు వస్తాయి. అన్నిటికంటే ఎక్కువగా బహుమతులకు చుట్టిన కాగితం వస్తుంది.

ఆ కాగితంలో రెండు రకాలు ఉంటాయి. ఒకటి ఉత్త కాగితం. రెండోదానికి ఒకవైపు ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, మెరుపు దానివల్లే వస్తుంది. మిల్లులో కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేసినప్పుడు మొదటిది కరుగుతుంది. రెండోదాని పొర కరగదు. ముక్కలై జల్లెడ కన్నాల్లో ఇరుక్కుంటుంది. రెండింటినీ విడదీయడానికి ఒక పద్ధతి ఉంది. పిడికిట్లో నలిపి వదలాలి. నలిగినది నలిగినట్టే ఉంటే కాగితం. మెల్లగా విచ్చుకుంటే ప్లాస్టిక్ పొర. నగరపాలక సంస్థ వాళ్ళు ఈ సంగతి బొమ్మ వేసి ప్రతి వీధి డబ్బా మీదా అంటించారు.

లైనులో బహుమతి కాగితం చూసే పని కోడలుపిల్లది. అది ఆమె అసలు పేరు కాదు. ఏ మాటైనా "మా అత్తయ్య అంటుంది" అని మొదలుపెట్టడం వల్ల వచ్చిన పేరు. బెల్టు మీద ప్రతి కాగితాన్నీ నలిపి చూసే తీరిక ఉండదు కాబట్టి, ఆమె మెరిసేవన్నీ లాగేసి, మెరవనివి వదిలేస్తుంది. ఇన్నాళ్ళూ ఆ లెక్క తప్పలేదు.

పాట ఆగిన కాసేపటికి సూపర్‌వైజరు వచ్చాడు. ఎవరితో మాట్లాడుతున్నా గోడ మీది గడియారం కేసి చూస్తుంటాడు కనుక అతన్ని గడియారం అంటారు.

"లోడు వెనక్కొచ్చింది," అన్నాడు గోడకేసి చూస్తూ. "బేళ్ళ నిండా ప్లాస్టిక్ పొర కాగితమట. ఇంకొక్కసారి ఇలా వస్తే ఈ సీజనుకి మన కాగితం తీసుకోనన్నాడు మిల్లాయన."

"తీసుకోకపోతే?" అంది పెద్దక్క.

"తీసుకోకపోతే కాగితం లైను ఎందుకు? మూసేస్తారు. మీ నలుగుర్నీ ఊరి బయట తడిచెత్త యార్డుకి పంపుతారు. అక్కడ రాత్రి షిఫ్టు ఒక్కటే ఖాళీ ఉంది."

కోడలుపిల్లకు కూతురు గుర్తొచ్చింది. ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు, అతనికీ రాత్రి డ్యూటీలు పడుతుంటాయి. ఆమె కూడా రాత్రి పనికి వెళ్తే కూతురు తల్లినీ తండ్రినీ చూసేది వాళ్ళు నిద్రపోతున్నప్పుడే. ఈ పగటి లైను కోసం ఆమె చాలాకాలం అడిగింది.

వెనక్కి వచ్చిన బేళ్ళు షెడ్డు వెనక దించారు. మిల్లాయన కోసి చూసిన బేలు ఒకటి విచ్చుకుని పడి ఉంది. భోజనాల వేళ కోడలుపిల్ల దాని దగ్గరికి వెళ్ళింది. మెరిసే ముక్క ఒక్కటీ పైకి కనిపించలేదు. అట్టలు, వార్తాపత్రికలు, వాటి మధ్య తెల్లటి చదరాలు ఉన్నాయి. ఒక చదరాన్ని బయటికి లాగింది. అరచేతి పాటి మడత. అంచులు లోపలికి తోసి, దారంతో అడ్డంగా ఒక చుట్టు, నిలువుగా ఒక చుట్టు చుట్టి, ముడి వేసి ఉంది. ఇంకోటి లాగింది. అదీ అంతే.

దారం తెంపి మడత విప్పింది. లోపల బంగారు రంగు, దాని మీద నక్షత్రాలు. ప్లాస్టిక్ పొర. వెనకవైపు తెలుపు. ఆ తెలుపే పైకి వచ్చేలా మడిచారు.

పెద్దక్క అన్నం డబ్బా చేత్తో పట్టుకునే వచ్చి చూసింది. "చెత్తకి మడతలేంటే? ఇస్త్రీ కూడా చేసినట్టున్నారు."

"చేసినట్టే ఉంది. ఒక్క ముడత లేదు."

"కావాలని దాచారంటావా?"

"దాచాలనుకునేవాళ్ళు ఉండచుట్టి కిందకి తోస్తారు కదక్కా. ఇంత ఓపిక ఎవరికుంటుంది? ముడి చూడు, గువ్వలా కూచుంది."

"మా ఇంట్లో ఉతికిన బట్టలకే ఈ భాగ్యం లేదు," అంది పెద్దక్క.

కోడలుపిల్ల విప్పని మడత ఒకటి సంచిలో వేసుకుంది. సాయంత్రం ఇంటికి నడుస్తున్నంతసేపూ దాని గురించే ఆలోచించింది. కోపం రావలసిన చోట రాలేదు. మడిచిన మనిషి ఎవరో చూడాలనిపించింది.

ఇంట్లో అత్త వంటగది బల్ల ముందు కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఆమె బతుకంతా దర్జీ పని చేసింది. పని చేసే దుకాణం మూసేశాక, మొన్నటి వేసవిలో కొడుకు దగ్గరికి వచ్చింది. వస్తూ తెచ్చుకున్నది ఒక కుట్టుమిషను, ఒక కత్తెర.

కోడలుపిల్ల సంచిలోంచి నీళ్ళసీసా తీసింది. దాంతోపాటు మడత కూడా బల్ల మీద పడింది. అడగడానికి ఆమె నోరు తెరిచేలోపే అత్త దాన్ని అందుకుంది. కళ్ళజోడు సవరించుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నాలుగో ఇంటావిడ మడత," అంది. "మూలలు చూడు, ఎలా ఉబ్బి చచ్చాయో. లోపలికి తొయ్యవే తల్లీ అని ఎన్నిసార్లు చెప్పాను. వింటేగా."

కోడలుపిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీరు నేర్పారా అత్తయ్యా?"

"నేను కాకపోతే ఎవరు నేర్పుతారు? డబ్బా మీద బొమ్మేశారు కదా, నలిపి చూడమని. అందరూ నలిపారు. కొన్ని సగం విచ్చుకుని ఊరుకుంటాయి. అది కాగితమా, కాదా? ఎవరికీ తెలీదు. మీ కోడలు అక్కడే పనిచేస్తుంది కదా పిన్నిగారూ, మీకు తెలిసే ఉంటుందని నా దగ్గరికొచ్చారు. తెలీదంటే నీకు నామోషీ కాదూ?"

"మీరేం చెప్పారు?"

"ఏ బట్టయినా ముట్టుకున్న వెంటనే దాని గుణం చెప్పకూడదన్నాను. మడిచి, రాత్రంతా బరువు కింద పెట్టి, పొద్దున చూడాలి. మడత నిలిచిందా, కాగితం. నిలవలేదా, కాదు." అత్త చిక్కుడుకాయతో తన గదివైపు చూపించింది. "నా మిషను కింద పెట్టమన్నాను. బరువులేని వాళ్ళు ఇక్కడికే తెచ్చిస్తారు."

"నిలవనిది ఏదైనా వచ్చిందా?"

అత్త చిక్కుడు ఈనె తీసి పక్కన పడేసింది. "ఇంతవరకూ రాలేదు. మన వీధి వాళ్ళు మంచి కాగితమే కొంటారు."

"మరి మెరిసే వైపు లోపలికి పెట్టి ఎందుకు మడుస్తారు?"

"బట్టని ఎలా మడుస్తారు? మంచివైపు లోపలికి. మాసిపోకుండా." అత్త కోడలి మొహం చూసింది. "ఇవాళ ఏంటి, పోలీసులా అడుగుతున్నావు?"

అంతలోనే తలుపు చప్పుడైంది. నాలుగో ఇంటావిడ, వెనక ఇంకో ఇద్దరు. వాళ్ళ చేతుల్లో కాగితాలు. పుట్టినరోజువి కొన్ని, ఇన్నాళ్ళూ విప్పని బహుమతులు ఇవాళ విప్పగా వచ్చినవి కొన్ని.

"పిన్నిగారూ, ఈమె పక్కవీధి. మా చెల్లెలి తోడికోడలు. మడత నేర్చుకుంటుందట."

"రండి రండి. ఆవిడది మాత్రం చూసి నేర్చుకోకు," అంది అత్త నాలుగో ఇంటావిడను చూపించి.

"ఇంత మందిలో నా మూలల మీదే పడతారేంటండీ," అంది ఆవిడ నవ్వుతూ.

కోడలుపిల్ల వంటగది గుమ్మంలో నిలబడి చూసింది. అత్త కాగితాన్ని మంచం మీద పరిచి, వేళ్ళతో గీత గీసి, గోటితో నొక్కి మడుస్తోంది. మిగతావాళ్ళు అలాగే చేస్తున్నారు. గదిలో మాటలు ఆగడం లేదు. వేసవిలో వచ్చిన దగ్గర్నుంచి డిసెంబరు దాకా అత్త ఆ గదిలోనే కిటికీ దగ్గర కూర్చుని, రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ చొక్కాల కుట్లు చూసి తప్పులు చెబుతూ ఉండేది. వినడానికి ఎవరూ ఉండేవారు కాదు.

భర్త డ్యూటీ దిగి వచ్చాక అతనికి సంగతి చెప్పింది.

"చెప్పెయ్," అన్నాడు. "అమ్మ ఏమీ అనుకోదు."

"అయితే మీరు చెప్పండి."

అతను కంచం తీసుకుని కడగడానికి వెళ్ళాడు. రోజూ కడగడు.

మర్నాడు సెలవు. ఇల్లు ఊడ్చడం అయ్యాక కోడలుపిల్ల అత్త గదిలోకి వెళ్ళింది.

"అత్తయ్యా, మిషను కొంచెం పక్కకి జరుపుదామా? ఆ మడతలు ఒకసారి చూడాలనుంది."

"కట్టేసినవి మళ్ళీ విప్పడమెందుకు?"

"బరువు కింద ఉన్నంతసేపూ ఎలా ఉంటుందో మీరు చూశారు. తీశాక ఎలా ఉంటుందో నాకూ తెలీదు. చూద్దామని."

ఆ మాటలో అబద్ధం లేదు. లైనులో వచ్చిన కాగితాన్ని ఆమె లాగడం, వదలడం తప్ప, కూర్చుని చూసిన రోజు లేదు. రాత్రంతా బరువు మోసిన పొర మళ్ళీ విచ్చుకుంటుందో, అలవాటుపడి ఊరుకుంటుందో ఆమెకు నిజంగా తెలీదు.

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని మిషను జరిపారు. ఒక మడతలో గోధుమరంగు కాగితం ఉంది, ఇంకోదాంట్లో బంగారుది. దారాలు విప్పి, వంటగది బల్ల మీద ఎండ పడే చోట పెట్టారు. రెండూ అలాగే ఉన్నాయి.

"చూశావా," అంది అత్త.

"ఒకసారి పిడికిట్లో నలిపి పెట్టండి."

అత్త రెంటినీ నలిపింది. రెండు ఉండలు బల్ల మీద పెట్టింది. ఎదురెదురుగా కూర్చుని మిగిలిన చిక్కుళ్ళు ముందేసుకున్నారు. కాసేపటికి టిక్కుమని చప్పుడైంది. బంగారు ఉండలో ఒక అంచు లేచింది. మళ్ళీ చప్పుడు. ఉండ కొంచెం దొర్లింది.

"నిద్రలేస్తోంది," అంది అత్త. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

గోధుమరంగు ఉండ కదల్లేదు. బంగారుది విచ్చుకుంటూ విచ్చుకుంటూ, నక్షత్రాలన్నీ కనిపించేదాకా వచ్చింది. అత్త దాన్ని ఇంకోసారి నలిపి వదిలింది. ఈసారి ఇంకా తొందరగా విచ్చుకుంది.

"టెర్లిన్," అంది.

"ఏంటత్తయ్యా?"

"టెర్లిన్ గుడ్డ ఇలాగే చేసేది. కొట్లో వాడు నూలని చెప్పి అంటగడితే, పిడికిట్లో నలిపి వదిలేవాళ్ళం. చటుక్కున లేచేది. బరువు పెట్టి చూసేది నూలు గుడ్డకే. అది కూడా నూలేనని తేలాక." ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్ళు చేసిన పని. ముందు నలపాలి, తర్వాత బరువు. నేను తిరగేసి చెప్పాను."

కోడలుపిల్ల చిక్కుడు తొక్కలు దగ్గరికి లాగింది.

"నీ లైనుకి ఏమన్నా అయిందా?" అని అత్త అడిగింది.

అప్పుడు చెప్పింది. లోడు వెనక్కి రావడం, గడియారం మాట, తడిచెత్త యార్డు, రాత్రి షిఫ్టు.

"నిన్నే చెప్పొచ్చు కదా."

"నిన్న గది నిండా మనుషులున్నారు. అందరూ పిన్నిగారూ, పిన్నిగారూ అంటుంటే..."

"అంటే నీ పని పోయినా ఫరవాలేదు, నన్ను నలుగురూ పిన్నిగారూ అనాలి. అంతేనా?"

"అది కాదు. కేంద్రం వాళ్ళు పద్ధతి మార్చారని చెబుదాం. బరువు పెట్టడం ఇక వద్దన్నారని. మీ మాట పోదు."

"మార్చారా?"

"లేదు."

"మరి?" అత్త లేచి చెప్పులు వేసుకుంది. "కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుడతాం. గుడ్డ ఇచ్చినవాళ్ళకి పద్ధతి మారిందని చెబుతామా? చీకటిపడకముందే తిరిగొద్దాం. చెత్తబండి రేపు పొద్దునే కదా వచ్చేది."

మొదట నాలుగో ఇంటికే వెళ్ళింది. కోడలుపిల్ల వెనక నిలబడింది. అత్త గుమ్మంలోనే బంగారు కాగితాన్ని నలిపి, అరచేయి చాపి, అది విచ్చుకునేదాకా చూపించింది. తర్వాత చెప్పింది.

"నేను తప్పు చెప్పాను. బరువు పెడితే ఏ కాగితమైనా అణిగి కూచుంటుంది. మీరు మడిచినవన్నీ డబ్బాలోంచి తీయాలి."

నాలుగో ఇంటావిడ కాగితాన్ని చూసింది, అత్తని చూసింది. "అయితే పిన్నిగారూ, నా మూలలు ఉబ్బింది నా తప్పు కాదన్నమాట. కాగితమే లేచింది."

అత్త అరచేతిలోని కాగితాన్ని మళ్ళీ నలిపింది. "సగం కాగితం తప్పు," అంది. "సగం నీదే."

ఆవిడ నవ్వుతూ చెప్పులు వేసుకుంది. లోపలికి తిరిగి కేకేసింది: "ఏవండీ, మడవడం ఆపండి. అంతా రద్దయింది."

"ఇప్పుడే కుదురుతున్నాయే," అని లోపలినుంచి మగగొంతు వినిపించింది.

ఇంటింటికీ వెళ్ళారు. ఎవరు ఎవరికి నేర్పారో వాళ్ళే వెళ్ళి చెప్పాలని అత్త తేల్చింది. పక్కవీధికి నిన్న నేర్చుకోవడానికి వచ్చినావిడ వెళ్ళింది. ఒకావిడ మాత్రం తలుపు సగమే తీసి, "అన్నీ తెలిసినట్టు చెప్పారే," అంది. అత్త "చెప్పాను," అని ఒప్పుకుని తర్వాతి ఇంటికి నడిచింది. సాయంత్రానికి వీధి చివర కాగితం డబ్బా మూత ఎత్తి ఆడవాళ్ళంతా దాని చుట్టూ నిలబడ్డారు. మడతలు తీసి దారాలు తెంపుతున్నారు. అత్త పక్కింటివాళ్ళ స్టూలు మీద కూర్చుని, అనుమానం వచ్చినవి నలిపి, అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసి, ఇటో అటో వేస్తోంది. ప్లాస్టిక్ పొరవి ఒక కుప్పయ్యాయి.

"వీటిని మామూలు చెత్తలో పారెయ్యాల్సిందేనా?" అంది నాలుగో ఇంటావిడ.

"పారెయ్యడమెందుకు?" అంది అత్త. "ఇంత కష్టపడి మడిచాం. వచ్చే క్రిస్మస్‌కి మళ్ళీ చుట్టుకుందాం." ఆ కుప్ప అత్త గదికి చేరింది.

మర్నాడు షెడ్డులో కోడలుపిల్ల పెద్దక్కకు జరిగినదంతా చెప్పింది. పెద్దక్క చేతితొడుగులు వేసుకోవడం ఆపి విన్నది.

"ఇన్నాళ్ళూ మా అత్తయ్య అంటుంది, మా అత్తయ్య అంటుంది అన్నావు," అంది. "ఇప్పుడు ఊరంతా మీ అత్తయ్య మాటే అంటోందన్నమాట."

"గడియారానికి చెప్పాలా అక్కా?"

"చెప్పు. గోడకి చెప్పినట్టే కదా."

చెప్పింది. అతను మొదటిసారి గోడ వదిలి ఆమె మొహం చూశాడు. "మీ అత్తగారా?" అని, బేళ్ళ తీగలు కోయమన్నాడు. వెనక్కి వచ్చిన లోడంతా మళ్ళీ బెల్టు ఎక్కింది. ఇప్పుడు ఏం వెతకాలో తెలుసు. నలుగురూ మెరిసేవాటితో పాటు తెల్లవి కూడా లాగారు. దారాలు తెంపి, విప్పి, లోపలి రంగు చూశారు. పెద్దక్క మడతలు విప్పుతూ ఇది మీ అత్తది, ఇది శిష్యురాలిది అని పోల్చడం నేర్చుకుంది. మళ్ళీ బేళ్ళు కట్టి మిల్లుకు పంపారు. అక్కడ మిల్లాయన కొక్కెంతో బేళ్ళు పొడిచి చూస్తున్నప్పుడు గడియారం కూడా అక్కడే నిలబడ్డాడని లారీ డ్రైవరు వచ్చి చెప్పాడు. మిల్లాయన ఒక బేలు కోయించాడు, ఇంకోటి కోయించాడు, మూడోది కోయించలేదు. లోడు దించుకోమన్నాడు.

కాగితం లైను నడుస్తోంది. సీజను చివరికి వచ్చేసరికి బెల్టు మీద బహుమతి కాగితం తగ్గింది, పాడే కార్డులు ఆగిపోయాయి. ఒకరోజు అట్టపెట్టెల మధ్య ఒక తెల్లటి చదరం వచ్చింది. దానికి దారం లేదు. కోడలుపిల్ల దాన్ని పట్టుకుని విప్పింది. లోపలా తెలుపే. పిడికిట్లో నలిపి, బెల్టు పక్కన ఇనుప గట్టు మీద పెట్టింది. బెల్టు వెళ్తూనే ఉంది. పెద్దక్క తన చోటు దాటి చెయ్యి చాపి, ఇద్దరి పనీ తనే చేసింది. ఉండ కదల్లేదు. కోడలుపిల్ల దాన్ని కాగితం కుప్పలో వేసింది.

ఇంటికి వచ్చాక ఆ మడత సంగతి అత్తకు చెప్పింది.

"నలిపి చూశావా?"

"చూశాను. కాగితమే."

అత్త సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించడం అయ్యాక అడిగింది.

"మూలలు?"

"కుదిరాయి అత్తయ్యా."